నోట్లో పెట్టుకుంటారనే లెక్కతో: డేకేర్‌లో ఏడాది నుంచి మూడేళ్ల పిల్లలతో రంగులు, బొమ్మల పని

ఏడాదిన్నర పిల్లాడి చేతిలో క్రేయాన్ పెట్టి చూడండి. ముందు తిప్పి తిప్పి చూస్తాడు, తర్వాత కొరుకుతాడు, ఆ తర్వాతే కాగితం గుర్తొస్తుంది. వాడి తప్పేం లేదు, ఆ వయసులో ఏ వస్తువునైనా తెలుసుకునేది నోటితోనే. విజయవాడ మొగల్రాజపురంలో మా డేకేర్ మొదలుపెట్టి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో బొమ్మల పని గురించి నేను నేర్చుకున్నదంతా ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది: పిల్లల ముందు పెట్టే ప్రతి వస్తువూ నోట్లోకి వెళ్తుందనే లెక్కతోనే పెట్టాలి. "పక్కనే ఉంటాంగా, చూసుకుంటాంలే" అనే ధైర్యం పనికిరాదు. ఆయమ్మ ఒకరి ముక్కు తుడిచేలోపు ఇంకొకరు గుండీ మింగేస్తారు.

నేనూ ఒకప్పుడు ఆ ధైర్యంతోనే ఉన్నాను. డేకేర్ పెట్టిన నాలుగో ఏడు కృష్ణాష్టమికి పిల్లలతో నెమలీక చేయిద్దామని బీసెంట్ రోడ్డు నుంచి చమ్కీలు, తళుకులు కొనుక్కొచ్చాను. ఇరవై రెండు నెలల పాప ఒక చమ్కీ ముక్కులో దోపుకుంది. ఏడవలేదు, ఎవరికీ చూపించలేదు. మూడో రోజు ఒక్క వైపు ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే వాళ్లమ్మ ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. తీసేశారు, పాపకి ఏమీ కాలేదు. కానీ ఆ మూడు రోజులూ పాప మా ఒళ్లోనే ఆడుకుంది, నాకు తెలియలేదు. ఆ బాధ ఇంకా పోలేదు. ఒక్క వైపు ముక్కే కారుతూ వాసన వస్తుంటే అది జలుబు కాకపోవచ్చని అప్పుడు నేర్చుకున్నాను, మీరూ గుర్తుంచుకోండి.

ముందు గది, తర్వాత రంగులు

మొదట చేయాల్సిన పని వస్తువుల వడపోత. టాయిలెట్ రోల్ అయిపోయాక మధ్యలో అట్టగొట్టం మిగులుతుంది కదా, దాన్ని దాచుకోండి. అందులోంచి జారిపోయే ప్రతి వస్తువూ మూడేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడగలదు. బొమ్మల కంపెనీలు పరీక్షకు వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. మన అట్టగొట్టం దానికంటే కాస్త వెడల్పు కాబట్టి ఇంకాస్త గట్టి పరీక్షే పెట్టినట్టు. పూసలు, గుండీలు, చింతపిక్కలు, శనగలు, పెన్ను మూతలు, కదిలే బొమ్మకళ్లు, విరిగిన బలపాలు, ఇవన్నీ ఈ పరీక్షలోనే బయటికి పోతాయి. థర్మోకోల్ పెద్దగా ఉన్నప్పుడు గొట్టంలో పట్టదు గానీ, కొరికితే గింజలు గింజలుగా రాలుతుంది. అదీ వద్దు.

గొట్టంతో పని లేకుండా గుమ్మం బయటే ఆపాల్సినవి మూడున్నాయి. బెలూన్లు: పగిలిన ముక్క గొంతులో పొరలా అతుక్కుంటుంది. నీళ్లలో వేస్తే ఉబ్బే రంగు గోళీలు: మింగితే పేగుల్లో ఉబ్బుతాయి. గుండ్రటి బిళ్ల బ్యాటరీలు: మింగి గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోయేలా చేస్తాయి. ఈ మూడోది పాటలు పాడే గ్రీటింగ్ కార్డుల్లో ఉంటుంది. పుట్టినరోజులకు అమ్మానాన్నలు ఎంతో ప్రేమగా పంపుతారు. కార్డు అందుకోండి, పిల్లలకు దూరం నుంచి చూపించండి, సాయంత్రం ఇంటికి పంపేయండి.

తర్వాత పిల్లల ఒంటి మీద ఉన్నవి చూడాలి. మన పిల్లలకు మొలతాడు, తాయెత్తు, మువ్వల పట్టీలు, గాజులు మామూలే. పట్టీలకు మువ్వ వదులైతే పిండి ముద్దలోకి రాలుతుంది, అక్కణ్నుంచి నోట్లోకి. మెడలో తాయెత్తు తాడు కుర్చీకి తగులుకోవచ్చు. ఇక్కడ తల్లిదండ్రులతో మర్యాదగా మాట్లాడటం ముఖ్యం. "తీసేయండి" అంటే నాయనమ్మలు నొచ్చుకుంటారు. "తాయెత్తు మెడలో కాకుండా మొలకి కట్టండమ్మా, పట్టీలు డేకేర్‌కి వచ్చేటప్పుడు వద్దు" అంటే అందరూ ఒప్పుకున్నారు.

అడ్మిషన్ ఫారంలో ఒక గడి పెట్టండి: గోధుమ, పాలు, గుడ్డు, వేరుశనగ, ఇంకేదైనా పడదా అని. కొత్త రంగు ఏదైనా మోచేతి లోపలి వైపు చుక్క పెట్టి ఒక రోజు ఆగి చూశాకే చేతులకు ఇవ్వండి. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలైతే బీట్‌రూట్ రంగు కూడా మంట పుట్టించవచ్చు. వాళ్లకి నీళ్ల పని, పొడి కాగితం పని చాలు.

ఒక పెద్ద మనిషికి నలుగురు పిల్లలకు మించి ఒకేసారి రంగుల దగ్గర కూర్చోబెట్టను. మిగతావాళ్లు రెండో ఆయమ్మ దగ్గర ఆడుకుంటారు, పావుగంటకి బ్యాచ్ మారుతుంది. మా దగ్గర టైము పదింబావు. టిఫిన్ అరిగి ఉంటుంది, నిద్ర ఇంకా రాదు. ఆకలి మీదున్న పిల్లాడికి పిండి ముద్ద ఇస్తే ఏం చేస్తాడో చెప్పక్కర్లేదు.

ఏ వయసుకి చెయ్యి ఏం చేయగలదు

ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు క్రేయాన్‌ని పిడికిలితో పట్టుకుంటారు. చెయ్యంతా భుజం నుంచి కదులుతుంది. కాబట్టి కాగితం పెద్దదిగా ఉండాలి, నేలకో బల్లకో నాలుగు మూలలా టేప్‌తో అతికించి ఉండాలి. జారే కాగితం మీద గీయడం వాళ్లకు చేతకాదు. అందుకే చిన్న కాగితమిస్తే విసిరేస్తారు, "వీడికి బొమ్మలంటే ఇష్టం లేదు" అని మనం తప్పుగా అనుకుంటాం.

ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య గీతలు గట్టిపడతాయి. తను గీస్తేనే ఆ గీత వచ్చిందన్న సంగతి తెలుస్తుంది. గీసి, మన మొహం వైపు చూస్తారు. రెండేళ్లు దాటాక మనం నిలువు గీత గీస్తే చూసి గీయగలరు. మూడేళ్ల దగ్గర సున్నా చుట్టడం వస్తుంది. అటూ ఇటూ రెండు మూడు నెలలు తేడా ఉంటే కంగారు పడకండి. రెండేళ్లలోపు పిల్లలు ఒక పని మీద అయిదు నిమిషాలుంటే ఎక్కువే. లేచి వెళ్లిపోతే వెళ్లనివ్వండి, తిరిగి వస్తే రానివ్వండి.

2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు పిల్లలతో ఏం ఆడించాలో వయసువారీగా చెప్పే "నవచేతన" అనే మార్గదర్శకాన్ని తెచ్చింది. డేకేర్ నడిపేవాళ్లు, ఆయమ్మలకు శిక్షణ ఇచ్చేవాళ్లు అది తప్పక చదవాలి.

రంగులు: ఏవి కొనాలి, ఏవి ముట్టుకోకూడదు

2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ ప్రమాణం పేరు ఐఎస్ 9873. పిల్లల ఆట వస్తువు కొనేటప్పుడు పెట్టె మీద ఆ గుర్తు, తయారీదారు చిరునామా, ఎన్నేళ్ల పిల్లలకన్న వివరం చూడండి. "3+" అని ఉంటే అది మన పిల్లలకు కాదు, ఎంత బాగున్నా సరే. "నాన్ టాక్సిక్" అన్న మాట మీద కూడా పూర్తిగా భరోసా పెట్టుకోవద్దు. పొరపాటున కొంచెం లోపలికి వెళ్తే విషం కాదని దాని అర్థం, తినొచ్చని కాదు.

కొండపల్లి బొమ్మల సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన ఊరి తల్లిదండ్రులు అవి తెచ్చి ఇస్తుంటారు. జీఐ (ఫలానా ప్రాంతానికే చెందిన వస్తువన్న) గుర్తింపు ఉన్న బొమ్మలకు, చేతివృత్తుల వాళ్లు చేసే బొమ్మలకు ఆ ఐఎస్‌ఐ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. అది కళాకారుల బతుకు కోసం ఇచ్చిన మంచి మినహాయింపు. అయితే బొమ్మ మీద ఏ రంగు వేశారో మనకు తెలియదు, చేతులు, తోకలు విడిగా అతికించి ఉంటాయి, కొరికితే ఊడతాయి. మా దగ్గర ఏనుగు అంబారీ, తాడిచెట్టు ఎత్తైన అద్దాల బీరువాలో ఉన్నాయి. పిల్లలు వేలు చూపించి అడుగుతారు, ఎత్తుకుని చూపిస్తాం, కథ చెప్తాం.

ఇంట్లో దొరికేవన్నీ భద్రం అనుకోవద్దు. కుంకుమ, హోలీ రంగులు, సంక్రాంతి ముగ్గుల రంగులు, బట్టలకు వేసే రంగులు, గోడలకు వేసే పెయింట్లు పూర్తిగా వద్దు. ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదని 2017 నవంబరు నుంచి చట్టం ఉంది గానీ, అంతకు ముందు వేసిన పాత తలుపు నుంచి రాలే పెచ్చుకు ఆ చట్టం వర్తించదు. డేకేర్ పాత ఇంట్లో ఉంటే కిటికీ చువ్వలు, తలుపు చెక్కలు పిల్లల ఎత్తులో ఓసారి పట్టి చూడండి. ముగ్గుపిండి పేరుకు పిండే గానీ ఇప్పుడు దొరికేది రాతి పొడి, గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పసుపులో సున్నం కలిపి ఎర్రరంగు తీయడం మనకందరికీ తెలుసు, పారాణి రంగు ముచ్చటగానే ఉంటుంది. అయినా పిల్లలున్న గదిలోకి సున్నం రానివ్వకండి. కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం.

పసుపు వాడొచ్చు. కాకపోతే మెరిసిపోయే పసుపుపచ్చ రంగు కోసం సీసం ఉన్న రసాయనం కలిపే కల్తీ ఉంది. మెరుపు కోసం కొమ్ములకూ అదే పూస్తారు కాబట్టి, కొమ్ములు కొని ఆడించుకున్నా పూర్తిగా నిశ్చింత లేదు, మరీ మెరిసే కొమ్ములు వద్దు.

గంజి రంగు చేసే పద్ధతి

కొన్న ఫింగర్ పెయింట్ కంటే మా దగ్గర ఎక్కువ నడిచేది ఇదే. ఏడాది నిండిన పిల్లల నుంచి అందరికీ పనికొస్తుంది.

అర కప్పు బియ్యప్పిండిని అర కప్పు చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. ఒకటిన్నర కప్పు నీళ్లు మరిగించి, మంట తగ్గించి, పిండి నీళ్లు పోస్తూ గరిటె ఆపకుండా తిప్పండి. నాలుగైదు నిమిషాలకు జావలా చిక్కబడుతుంది. దించి పూర్తిగా చల్లారనివ్వండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడే గట్టిపడేదాకా ఉంచొద్దు. పళ్లెంలో ఒక చెంచాడు వేసి వేలితో గీస్తే గీత రెండు క్షణాలు నిలబడి మెల్లగా మూసుకుపోవాలి. అదే సరైన పాకం.

మూడు గిన్నెల్లోకి పంచి రంగు కలపండి. ఎరుపుకు బీట్‌రూట్ తురిమి ఉడికించి పిండిన రసం. పచ్చకు పాలకూర ఉడికించి రుబ్బి వడకట్టిన నీళ్లు. పసుపుకు పావు చెంచా పసుపు. నీలం కావాలంటే శంఖుపుష్పాల రేకులు మాత్రమే వేడి నీళ్లలో నానబెట్టండి. తొడిమలు, కాయలు, గింజలు వద్దు, గింజలు విరేచనాలు పట్టిస్తాయి. ఈ రంగులు దుకాణం రంగుల్లా మెరవవు, రెండు మూడు రోజులకు వెలిసిపోతాయి. ఫర్వాలేదు.

తేనె, పంచదార కలిపి తియ్యగా చేయొద్దు. ఏడాదిలోపు పిల్లలకు తేనె ప్రమాదం, పక్కన పాకుతున్న చంటిబిడ్డ వేలు నాకినా చాలు. తియ్యగా ఉంటే రంగంటే తినేదని అందరికీ అలవాటవుతుంది, చీమలు సరేసరి. పొద్దున చేసింది మధ్యాహ్నానికి పారబోయాలి. మన ఎండలకు గంజి సాయంత్రానికే పులుస్తుంది. వర్షాకాలంలో మాత్రం ఫ్రిజ్‌లో మర్నాటి వరకు ఉంచవచ్చు.

"అన్నంతో ఆటలేంటమ్మా" అని ఒక అమ్మమ్మగారు నన్ను నిలదీశారు. ఆవిడ మాట నిజమే, తిండి మీద గౌరవం మన పిల్లలకు నేర్పాల్సిందే. అప్పట్నుంచి రంగుకు కొత్త పిండి తగ్గించి, వీలైనప్పుడల్లా వంటింట్లో వార్చిన గంజినే వాడుతున్నాం. బీట్‌రూట్ తొక్కలు, పాలకూర కాడలు కూరగాయల్లోంచే మిగులుతాయి. పిల్లల ముందు దాన్ని "రంగు" అంటాం, "అన్నం" అనం. పళ్లెం వేరు, కూర్చునే చోటు వేరు.

నీళ్లతో గీతలు: అన్నిటికంటే ముందు ఇది

కొత్తగా డేకేర్ పెట్టేవాళ్లు ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఈ పని. కావలసింది గ్లాసులో సగం నీళ్లు, రెండంగుళాల వెడల్పున్న కొత్త గోడ బ్రష్, కడప బండలు పరిచిన వసారా. కడప బండ తడిస్తే నల్లగా నిగనిగలాడుతుంది, ఆరితే బూడిద రంగుకు తిరిగొస్తుంది. ఇంతకంటే మంచి పలక దొరకదు.

మా దగ్గర ఇరవై నెలల పాప ఒకతె ఉంది, ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. మొన్న వైశాఖంలో పొద్దున తొమ్మిదికి వసారాలో బ్రష్ ముంచి ఒక పొడుగు గీత లాగింది. గీత చివరికి వచ్చేసరికి మొదలు ఆరిపోయింది. వెనక్కి తిరిగి చూసింది, గీత లేదు. బ్రష్ వంక చూసింది. మళ్లీ మొదటికి వెళ్లి గీసింది, ఈసారి వెనక్కి నడుస్తూ, ఆరిపోయే చోటు మీద కళ్లు పెట్టి. తడి అంచు లోపలికి కుంచించుకుపోతుంటే దాని మీద వేలు పెట్టి "పోయ్... పోయ్" అంది. ఇరవై నిమిషాలు అదే పని. మా ఆయమ్మా నేనూ ఒక్క మాట మాట్లాడకుండా చూస్తూ కూర్చున్నాం.

జాగ్రత్తలు మూడే. బకెట్టు పెట్టొద్దు, పసివాళ్లు మునగడానికి రెండంగుళాల నీళ్లు చాలు, బరువైన తలతో ముందుకు పడితే లేవలేరు. గ్లాసులో ఇచ్చి, పని కాగానే ఒంపేయండి. బ్రష్ వెంట్రుకలు గట్టిగా లాగి చూసి ఊడనిదే ఇవ్వండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిన్నర దాటాక ఆరుబయట వద్దు. మన బెజవాడ ఎండకు బండ అరికాలు కాలుస్తుంది. ముందు మీ చెయ్యి వెనుక వైపు బండ మీద అయిదు సెకన్లు ఆనించి చూడండి.

పిండి ముద్దలు

రెండేళ్లలోపు పిల్లలకు ఉండ్రాళ్ల పిండి. కప్పు నీళ్లలో చెంచా నూనె వేసి మరిగించి, పొయ్యి ఆపి, కప్పు బియ్యప్పిండి వేసి కలిపి అయిదు నిమిషాలు మూత పెట్టండి. గోరువెచ్చగా అయ్యాక తడిచేత్తో మర్దించండి. ఉప్పు లేదు, ఉడికిన పిండి, ముక్క నోట్లోకి వెళ్లినా దిగులు లేదు. అయితే ముద్ద మాత్రం బత్తాయంత ఇవ్వండి, చిన్న ఉండలు చేసి ఇవ్వొద్దు. ఉండ్రాయి సైజు ఉండ గొంతులో అతుక్కుంటుంది.

రెండేళ్లు దాటినవాళ్లకు గోధుమపిండి ముద్ద బాగుంటుంది, సాగుతుంది, ఒత్తితే గుర్తు నిలుస్తుంది. కప్పు పిండి, పావు కప్పు ఉప్పు, కప్పు నీళ్లు, చెంచా నూనె, అరచెక్క నిమ్మరసం కలిపి సన్నమంట మీద అడుగు వదిలి ముద్దయ్యేదాకా తిప్పండి. పచ్చిపిండి ముద్ద ఇవ్వకపోవడానికి కారణముంది. పచ్చి పిండిలో కడుపు చెడగొట్టే క్రిములు ఉండవచ్చు. నిలవ కోసం ఎక్కువ ఉప్పు పోసే పద్ధతులు చూస్తుంటాం. అంత ఉప్పు ముద్ద తిన్న పసివాడి ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. నోట్లో పెట్టుకునే అలవాటు ఇంకా పోని పిల్లాడికి మూడేళ్లున్నా ఉండ్రాళ్ల పిండే ఇస్తాం. గోధుమ పడనివాళ్లున్న బ్యాచ్‌లో అందరికీ బియ్యప్పిండే, ఒక్కరిని వేరు చేయం. ఎవరి ముద్ద వాళ్లకే, పేరు రాసిన డబ్బాలో. చేతులు, కాళ్లు, నోటి దగ్గర పొక్కులొచ్చే జబ్బు ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగిలితే డేకేర్ అంతా తిరుగుతుంది.

బలపాలు, సుద్ద, మట్టి పదే పదే వెతుక్కుని తినే పిల్లలు కనపడితే కోప్పడకుండా వాళ్లమ్మకు చెప్పండి. ఒంట్లో ఐరన్ తక్కువైతే అలా తింటారు. డాక్టర్‌కి చూపించాల్సిన విషయం అది.

అచ్చులు, అతికింపులు

రైతుబజారులో ముదిరిపోయాయని పక్కన పడేసే బెండకాయలే అచ్చులకు మేలు. తొడిమ వైపు మూడంగుళాలు పొడుగు ఉంచి అడ్డంగా కోస్తే అయిదు రేకుల నక్షత్రం వస్తుంది, తొడిమే పిడి. క్యాబేజీని సగానికి కోస్తే చెట్టులా పడుతుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అరటాకు మొదట్లో ఉండే లావుపాటి కాడ. అడ్డంగా కోస్తే లోపల తేనెపట్టులా గదులు గదులుగా ఉంటాయి, గంజి రంగులో ముంచి ఒత్తితే జల్లెడ లాంటి చంద్రవంక. కోశాక గంటసేపు నీళ్లలో ఉంచి బంక పోనివ్వండి, అరటి బంక బట్టకంటితే చిరిగేదాకా పోదు. పచ్చి క్యారెట్ ముక్కలు అచ్చుకు ఇవ్వొద్దు, పటుక్కున కొరికితే నేరుగా గొంతులోకే. ఉల్లిపాయ, పచ్చిమిరప బల్ల దగ్గరికే రాకూడదు. అన్నట్టు గుంటూరు వైపు మిరపకాయల పని చేసే ఇళ్ల నుంచి వచ్చే ఆయమ్మలైతే మోచేతుల దాకా సబ్బుతో కడిగాకే పిల్లల చేతులు పట్టుకోవాలి. కారం ఘాటు ఒక్క కడుగుడుకి పోదు.

కత్తెర మూడేళ్లకు ముందు వద్దు. రెండేళ్ల నుంచి కాగితం చించనివ్వండి. చించడం వాళ్లకు పండగ, వేళ్లకు మంచి వ్యాయామం. రోజుకో పేజీ చింపే క్యాలెండర్ కాగితాలు, పాత నోట్సు పేజీలు సరిపోతాయి. వార్తాపత్రిక వద్దు, సిరా చేతికంటి నోట్లోకి పోతుంది. ముక్క అరచేతి కంటే పెద్దదిగా ఉండాలి. జిగురు కోసం మైదా ఉడకబెట్టి ఆ రోజుకారోజు చేసుకోండి. బైండింగ్ షాపు నుంచో, పోస్టర్లు అంటించేవాళ్ల దగ్గరనుంచో మైదా జిగురు తేవొద్దు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం.

జిగురే లేని పద్ధతి చిన్నపిల్లలకు ఇంకా నయం. వెడల్పాటి బ్రౌన్ టేప్‌ను అంటుకునే వైపు బయటికి ఉండేలా గోడకు పిల్లల భుజమెత్తున పరవండి. కాగితాలు, దర్జీ దగ్గర మిగిలిన గుడ్డపేలికలు అంటిస్తారు, పీకుతారు, మళ్లీ అంటిస్తారు. గుడ్డల్లో గుండుసూది ఉందేమో అయస్కాంతంతో ఓసారి తడిమి, ఆ అయస్కాంతాన్ని వెంటనే పైన పెట్టేయండి. దారాలు, రిబ్బన్లు, పాలిథిన్ కవర్లు ఈ పనిలోకి వద్దు.

వినాయక చవితి మర్నాడు

ఆకుల అచ్చులు వేయించే ప్రతి డేకేర్ ఈ భాగం తప్పక చదవాలి. చవితి మర్నాడు తల్లిదండ్రులు మిగిలిన పత్రి కవర్లో వేసి తెస్తారు, "పిల్లలకు ఆకుల బొమ్మలకు పనికొస్తాయి కదా టీచర్" అని. ఆ ఇరవై ఒక్క పత్రిలో దత్తూర అంటే ఉమ్మెత్త, కరవీర అంటే గన్నేరు, అర్క అంటే జిల్లేడు. ఉమ్మెత్త, గన్నేరు లోపలికి వెళ్తే ప్రాణం మీదికి తెస్తాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. పూజకు తగినవి పసివాడి చేతికి తగినవి కావాలనేమీ లేదు. పత్రి కట్ట విప్పకుండానే దణ్ణం పెట్టి తిప్పి పంపండి.

మట్టి వినాయకుడి కళ్లకు గురివింద గింజలు పెట్టడం మన అలవాటు. ఎర్రగా, నల్లటి చుక్కతో, పిల్లల కంటికి అంత ముద్దుగా కనపడే గింజ ఇంకోటి లేదు, లోపల ఉన్నది భయంకరమైన విషం. నమిలితే ఒక్క గింజ కూడా ప్రమాదమే. మట్టి బొమ్మ తేవాలనుకుంటే కళ్లు బొగ్గుతో దిద్దమని చెప్పండి. రోడ్డు మధ్య డివైడర్లలో ఉండే చెట్లు చాలా వరకు గన్నేరే కాబట్టి పార్కుకు నడిపించేటప్పుడు ఏరుకున్న ఆకులు, పూలు గేటు దగ్గరే ఖాళీ చేయించాలి.

అచ్చులకు మామిడాకు, బాదం ఆకు, మందార ఆకు, కరివేపాకు రెమ్మ చాలు. కడిగి, తుడిచి, వెనుక వైపు ఈనెలకు రంగు పూసి ఒత్తించండి. బంకమట్టితో పని రెండున్నరేళ్లు దాటాకే. కాలవగట్టు మట్టి తేవొద్దు, కుమ్మరి దగ్గర జల్లించిన మట్టి అడిగి తెచ్చుకోండి.

పెద్దవాళ్ల చెయ్యి

వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి బాగుండాలని పిల్లాడి చెయ్యి పట్టుకుని మనమే గీయడం, వాడు నిద్రపోయాక ఆయమ్మ కూర్చుని సరిచేయడం చాలాచోట్ల జరుగుతోంది. నేను గట్టిగా వద్దంటాను. రెండేళ్ల పాప వేసింది బొమ్మలా ఉండదు, ఉండక్కర్లేదు. "ఇదేంటమ్మా?" అని కూడా అడగొద్దు, దానికి పేరు పెట్టాలన్న ఆలోచన వాళ్లకింకా లేదు. "ఇక్కడ గట్టిగా ఒత్తావే", "ఎరుపు ఇటు నుంచి అటు పోయింది" అని కనపడ్డది చెప్పండి చాలు. చేతికి రంగు అంటితే ఏడ్చే పిల్లలుంటారు. వాళ్ల చెయ్యి బలవంతంగా రంగులో ముంచి జెండా పండగ అచ్చులు తీయకండి. చెంచా ఇవ్వండి, బ్రష్ ఇవ్వండి, లేదా చూస్తూ కూర్చోనివ్వండి.

ఏదైనా జరిగితే

గొంతుకు అడ్డం పడి గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి, నీళ్లు పట్టొద్దు. దగ్గు, ఏడుపు రెండూ ఆగిపోయి మొహం రంగు మారితే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు పిల్లాణ్ని ముందుకు వంచి రెండు భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయాలి. ఏడాది దాటినవాళ్లకు దాని తర్వాత బొడ్డు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదు నొక్కులు, ఏడాదిలోపు వాళ్లకు పొట్ట మీద కాకుండా రొమ్ము మధ్యలో. వస్తువు బయటికి వచ్చేదాకా మార్చి మార్చి చేయాలి. స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. కనపడని వస్తువు కోసం వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేసి నేర్చుకోవాలి. ఏడాదికోసారి ఆయమ్మలందరికీ శిక్షణ ఇప్పించండి.

తెలియని రంగు, ఆకు, గింజ మింగితే వాంతి చేయించొద్దు. మిగిలిన ముక్క లేదా పెట్టె వెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో సలహా ఇస్తుంది. కంట్లో ఏదైనా పడితే పదిహేను ఇరవై నిమిషాలు మంచినీళ్ల ధారతో కడుగుతూనే ఉండాలి. ఈ నాలుగు మాటలూ పెద్ద అక్షరాలతో రాసి బొమ్మల బల్ల పైన గోడకు అంటించండి.

కడిగి పంపడం

బల్ల మీద వస్తువులు తెచ్చేటప్పుడు లెక్కపెట్టి, తీసేటప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. క్రేయాన్లు ఆరు వెళ్తే ఆరు రావాలి, విరిగినవి జోడించి చూడాలి. నేల తుడిచాక ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని పిల్లల కంటి ఎత్తు నుంచి చూస్తే మనకు నిలబడి కనపడనివి కనపడతాయి. కాగితం వెనుక పేరు, తేదీ, నెలల్లో వయసు రాసి ఆరేయండి.

చేతులు కడిగేటప్పుడు పసుపు రంగుకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. కొత్త ఆయమ్మ ఒకసారి రక్తమనుకుని కేక పెట్టింది, పిల్లలంతా ఏడుపు. ముందే చెప్పి ఉంచండి, పిల్లలకు చూపించండి కూడా, వాళ్లకు అదో వింత. బట్టల మీద పసుపు మరకకూ ఇంటికెళ్లాక ఇదే జరుగుతుంది కాబట్టి డైరీలో ఒక ముక్క రాసి పంపుతాం: "ఈ రోజు పసుపు రంగుతో ఆడాం. ఉతికితే ఎర్రబడుతుంది, భయపడకండి. ఎండలో ఆరేస్తే సాయంత్రానికి పోతుంది."